వంత కోసం ఆగండి: బ్లూస్, జానపద వేదికల ముందు కెమెరా

బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల్లో పుట్టిన సంగీతం) పాటగాళ్ల ఫోటోలు తీయాలంటే మంచి లెన్స్ కన్నా ముందు చెవి సిద్ధంగా ఉండాలి. పాట ఎలా నడుస్తుందో తెలియకపోతే సెకనుకు ఇరవై ఫ్రేములు కొట్టినా చివరికి మిగిలేవి ఇరవై మైకు ఫోటోలే. నోరు ఉండాల్సిన చోట నల్లటి జల్లెడ ముద్ద కనిపిస్తుంది, పైన రెండు కళ్లు.

ఎక్కువ బ్లూస్ పాటలు పన్నెండు బార్ల ఆవర్తంలో తిరుగుతాయి. బారు అంటే నాలుగు దెబ్బల కొలత. మొదటి నాలుగు బార్లలో ఒక పాదం, తర్వాతి నాలుగింట్లో మళ్లీ అదే పాదం, చివరి నాలుగింట్లో దానికి ముక్తాయింపు లాంటి మరో పాదం. అయితే ఆ నాలుగేసి బార్లలో గొంతు పలికేది దాదాపు మొదటి రెండే. మిగతా రెండు బార్లలో గిటారో మౌత్ ఆర్గానో జవాబిస్తుంది. బుర్రకథలో కథకుడు మాట విడవగానే వంతలు 'తందాన తాన' అని అందుకుంటారే, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ వంత పాటగాడి చేతిలోనే ఉంటుంది.

ఫోటో ఆ వంతలో ఉంది. పాడేటప్పుడు ముఖం మైకుకు అంటుకుపోయి ఉంటుంది. జవాబు వాయించేటప్పుడు మనిషి అర అడుగు వెనక్కి జరుగుతాడు, గడ్డం పైకి లేస్తుంది, కళ్లు మూసుకుంటాయి, పెదవి బిగుస్తుంది. నెమ్మది బ్లూస్‌లో నిమిషానికి 60 దెబ్బలనుకుంటే ఒక బారు 4 సెకన్లు, అంటే జవాబుకు 8 సెకన్లు దొరుకుతాయి. ఆవర్తం మొత్తం 48 సెకన్లు. 120 దెబ్బల షఫుల్ (ఊగుతూ నడిచే బ్లూస్ లయ) అయితే అంతా సగమే: జవాబుకు 4 సెకన్లు, ఆవర్తానికి 24. అందుకే మొదటి చరణం తీయకుండా కాలితో లెక్కపెట్టుకోవడం మేలు. రెండో చరణానికి వేలు దానంతటదే సరైన చోట నొక్కుతుంది.

పదకొండు, పన్నెండు బార్లలో ఇంకొకటి దొరుకుతుంది. ఆవర్తం మలుపు తిరిగే చోటు అది. తర్వాత సోలో ఎవరిదో చెప్పడానికి నాయకుడు డ్రమ్మర్ వైపో కీబోర్డు వైపో తల తిప్పుతాడు, ఒక చూపు, ఒక నవ్వు. పాట ముగించేటప్పుడు చాలామంది గిటారు మెడను పైకెత్తి ఒక్కసారి కిందికి దించుతారు. ఎత్తినప్పుడే సిద్ధంగా ఉండాలి, దించాక ఏమీ మిగలదు.

ఈ లెక్క అందరి దగ్గరా చెల్లదు. జాన్ లీ హుకర్, లైట్నింగ్ హాప్‌కిన్స్ లాంటి వాళ్లు ఒంటరిగా వాయించేటప్పుడు బార్లను తమ ఇష్టానికి సాగదీసేవారు, కుదించేవారు. ఆ దారిలో వాయించే వాళ్ల ముందు లెక్క మానేసి కాలి బొటనవేలిని, ఊపిరిని చూడాలి. పాదం అందుకునే ముందు భుజం కొద్దిగా లేస్తుంది. ఇక జానపద కథాగేయాలు మరీ మొండివి. చరణం మీద చరణం వస్తూనే ఉంటుంది, మధ్యలో జవాబు ఉండదు, ముఖం మైకు వదలదు. అక్కడ ఆదుకునేది మనం నిలబడే చోటు ఒక్కటే.

కుడిచేతి వాటం గిటారిస్టుకు గిటారు మెడ ప్రేక్షకుల కుడివైపుకు చాచి ఉంటుంది. గిటారు మెట్ల (ఫ్రెట్ల) మీద వేళ్లు చూసుకునేటప్పుడు అతని ముఖమూ అటే తిరుగుతుంది. కాబట్టి నడిమధ్య నుంచి 30 డిగ్రీలు కుడికి జరిగితే ముఖం, ఎడమచేతి వేళ్లు, వేలికి తొడిగిన స్లయిడ్ గొట్టం ఒకే ఫ్రేములోకి వస్తాయి, మైకు నోటిని వదిలేస్తుంది. ఇంకా పక్కకు పోతే మెడ నేరుగా లెన్స్ వైపు పొడుచుకొచ్చి మొద్దులా కుదించుకుపోతుంది. ఆల్బర్ట్ కింగ్, ఓటిస్ రష్ లాంటి ఎడమచేతి వాటం వాళ్లయితే ఇదంతా తిరగేసుకోవాలి. మొదటి పాట మొదలవకముందే గిటారు ఎటు వేలాడుతోందో చూసుకుంటే పది నిమిషాల తోపులాట తప్పుతుంది.

మౌత్ ఆర్గాన్ దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. మైకు లేకుండా వాయించేవాళ్లు సాధారణంగా ఎడమచేత్తో పట్టుకుని కుడి అరచేతిని తెరుస్తూ మూస్తూ ఉంటారు. ఆ చెయ్యి తెరుచుకున్న క్షణంలో ప్రేక్షకుల ఎడమవైపు నుంచి పెదవులు కనిపిస్తాయి. లిటిల్ వాల్టర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే షికాగో పద్ధతి వేరు. గుండ్రటి మైకును, మౌత్ ఆర్గాన్‌ను కలిపి రెండు అరచేతుల్లో బిగించేస్తారు. ఇక పెదవుల మీద ఆశ వదులుకోవలసిందే. నుదుటి ముడతలు, ఉబ్బిన బుగ్గలు, వేలి ఉంగరాలు, చేతుల్లోంచి వేలాడే తీగ, వీటితోనే ఫోటో కట్టాలి. మెడకు తగిలించుకునే స్టాండుతో వాయించే జానపద గాయకులను పూర్తి పక్క నుంచి తీయడం మంచిది. ముందు నుంచి ఆ ఇనుప చట్రం గడ్డానికి కట్టిన కట్టులా ఉంటుంది.

వేదిక ఎత్తు మీటరున్నర ఉంటే అంచుకు ఆనుకుని నిలబడకండి. ముక్కు రంధ్రాలు, నేల మీది మానిటర్ స్పీకర్ల వెనక సగం తెగిన కాళ్లు తప్ప ఏమీ రావు. నాలుగైదు మీటర్లు వెనక్కి వచ్చి 135 మి.మీ. దగ్గర తీయండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 2.8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) పెట్టి 5 మీటర్ల దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 23 సెంటీమీటర్లు. కన్నూ మైకూ రెండూ నిలుస్తాయి, గిటారు తల మసకబారుతుంది. వేళ్లు కూడా స్పష్టంగా కావాలంటే ఎఫ్ 4. మనిషి కళ్లను తానే వెతికి పట్టుకునే కెమెరా ఫోకస్ టోపీ అంచు, నల్ల కళ్లద్దాలు, మైకు జాలీ దగ్గర తడబడుతుంది. బ్లూస్ వేదిక మీద ఈ మూడూ ఒకే మనిషి మీద ఉంటాయి! చిన్న సింగిల్ ఫోకస్ పాయింట్‌ను టోపీ అంచు ముఖానికి తగిలే చోట పెట్టి, ఫోకస్‌ను కెమెరా వెనక బటన్‌కు మార్చుకుంటే గొడవ ఉండదు.

ఇక వెలుతురు. దీనికి ఒక చోటు పేరు పెట్టుకుని మాట్లాడుకుందాం. షికాగో బ్లూస్ ఫెస్టివల్ 1984లో మొదలైంది, షికాగో బ్లూస్ దిగ్గజం మడ్డీ వాటర్స్ పోయిన మరుసటి ఏడాది. జూన్‌లో జరుగుతుంది, టికెట్టు లేదు. 2017లో మిలీనియం పార్కుకు మారింది. నేపర్‌విల్, అరోరా లాంటి షికాగో శివార్లలో ఉండే మనవాళ్లు మెట్రా రైల్లో యూనియన్ స్టేషన్‌లో దిగితే అక్కణ్నుంచి మైలు దూరం నడకే. లెన్స్ విప్పగలిగే కెమెరాలను, ట్రైపాడ్‌లను గేటు దగ్గర ఆపే పండుగలు చాలా ఉన్నాయి కనుక, ఎక్కడికి వెళ్లినా ఆ ఏడాది నియమాలు చదివాకే సంచి సర్దుకోవాలి.

పెద్ద వేదిక ఫ్రాంక్ గెహ్రీ గీసిన ప్రిట్జ్‌కర్ పెవిలియన్. ముందు 4,000 కుర్చీలు, వాటి వెనక 7,000 మంది పట్టే పచ్చిక, పచ్చిక మీద ఉక్కు గొట్టాల పందిరి. స్పీకర్లు ఆ పందిరికి వేలాడతాయి కాబట్టి దూరంగా కూర్చున్నా పాట బాగా వినిపిస్తుంది, కానీ ఫోటోకు ఆ దూరం పనికిరాదు. వంద మీటర్ల నుంచి 200 మి.మీ. లెన్స్‌తో అడ్డంగా తీస్తే ఫ్రేము ఎత్తు 12 మీటర్లు పడుతుంది. అందులో మనిషి ఏడో వంతు. పచ్చిక మీద ఉన్నప్పుడు పాటగాణ్ని మరిచిపోయి పందిరిని, జనాన్ని, వెనక ఆకాశహర్మ్యాలను తీయండి. జూన్ నడుమ అక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో. ఆ తర్వాత పావుగంట నుంచి అరగంట వరకు ఆకాశం, వేదిక దీపాలు ఒకే స్థాయిలో ఉంటాయి.

నాకైతే పగటి చిన్న వేదికలే అసలు పండుగ. ఐదు మీటర్ల దగ్గర్లో మనిషి ఉంటాడు. 85 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ ఒక్కటి చాలు, నడుము నుంచి పైకి నిండుగా వస్తుంది. డేరా నీడలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, ఎఫ్ 4, 1/500 సెకను షట్టరుతో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. తెల్ల డేరా అయితే మెత్తటి వెలుతురు. రంగు డేరా అయితే ఆ రంగంతా ముఖాల మీద కూర్చుంటుంది, ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో మాట చెబుతుంది. తెల్ల కాగితాన్ని అదే నీడలో ఒకసారి తీసి కస్టమ్ బ్యాలెన్స్ పెట్టేయండి. డేరా బయట, నడినెత్తిన ఎండలో వెడల్పు టోపీ పెట్టుకున్న మనిషిని తీయడం కష్టం. చొక్కాకు, టోపీ కింద ముఖానికి రెండు మూడు స్టాపుల తేడా ఉంటుంది (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో). తల పైకెత్తే క్షణం కోసం చూడాలి. అది కూడా వంతలోనే వస్తుంది.

నల్లని ముఖాల ఎక్స్‌పోజర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. కెమెరా మీటరు ఏది చూసినా మధ్యస్థ బూడిద రంగు చేయాలని చూస్తుంది. ముదురు చర్మం మీద స్పాట్ మీటరు (ఒక్క చిన్న చోటునే కొలిచేది) పెట్టి అది చెప్పింది వింటే ముఖం పాలిపోతుంది, చెమట మెరుపులు తెల్ల మచ్చలవుతాయి. అక్కడ ఒక స్టాపు తగ్గించాలి. వెనక తెల్లటి ఆకాశం ఉండి ఫ్రేమంతా కొలిచే మీటరింగ్ వాడితే కథ తిరగబడుతుంది, ముఖం బొగ్గుముద్ద. మాన్యువల్‌లో ఒకసారి ముఖానికి కొలిచి అలా వదిలేయడం దీనికి మందు, దీపాలు మారేదాకా దాన్ని ముట్టుకోవద్దు. మన పెళ్లి ఆల్బముల్లో లాగా ముఖాలను ఎడిటింగులో తెల్లబరిచే అలవాటు ఉంటే దయచేసి ఇక్కడికి తేవద్దు.

చీకటి పడ్డాక ఐఎస్ఓ 3200, ఎఫ్ 2.8, 1/250 దగ్గర మొదలుపెట్టండి. వేళ్లు కదులుతున్నట్టు కనిపించాలంటే 1/60కి దిగొచ్చు, ముఖం నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే. ఫిడేలు కమాను చివర దాకా వెళ్లి వెనక్కి తిరిగేచోట ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ నొక్కితే నెమ్మది షట్టరుకూ స్పష్టంగా వస్తుంది. ఎరుపు, మెజెంటా ఎల్ఈడీ దీపాలు పడినప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (వెలుగునీడల పంపకం చూపే గ్రాఫు) అబద్ధం చెబుతుంది. అంతా బాగుందంటుంది, లోపల ఎరుపు చానెల్ మాత్రం పగిలిపోయి ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, ఒక స్టాపు దాకా తగ్గించి, రా ఫైళ్లలో (కెమెరా ముడి డేటాగా) తీయండి. అయినా పోతే, ఆ ఫోటోను నలుపు తెలుపు చేసేటప్పుడు ఆకుపచ్చ చానెల్ మీద ఆధారపడి చూడండి. మెజెంటా వెలుగులో ముఖం వివరం మిగిలేది ఎక్కువగా అందులోనే.

ఫ్రేముకు అడ్డంగా చారలు వచ్చాయంటే దీపాల మిణుకు అన్నమాట. మెయిన్స్ కరెంటు మీద మిణికే దీపాలకు అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి 1/60, 1/125 సరిపోతాయి. మన దగ్గర 50 కాబట్టి 1/50, 1/100. హైదరాబాద్ నుంచి తీసుకెళ్లిన కెమెరా మెనూలో ఈ సంఖ్య మార్చడం మరిచిపోతే వీడియో అంతా రెపరెపలాడుతుంది. స్టేజి ఎల్ఈడీల మిణుకు మాత్రం ఇంకా చాలా వేగం, ఈ లెక్కకు లొంగదు. అక్కడ సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ ఆపి మెకానికల్ షట్టర్ వాడాలి, వేగం 1/250 దాటకుండా చూడాలి. చిక్కేమిటంటే ఒక్క గిటారుతో గుసగుసలా పాడే జానపద గాయకుడి ముందు ఆ టకటక అందరికీ వినిపిస్తుంది. పగలైతే సైలెంట్, రాత్రి ఎల్ఈడీల కింద మెకానికల్, అదీ చప్పట్ల మధ్యలోనో పల్లవిని జనం అందుకున్నప్పుడో.

భారతదేశంలో ఇలాంటి పండుగ కావాలంటే జోధ్‌పూర్ రిఫ్ అనే జానపద సంగీతోత్సవం ఉంది. 2007 నుంచి మెహ్రాన్‌గఢ్ కోటలో, శరత్ పున్నమి రోజుల్లో జరుగుతుంది. జస్వంత్ థడా అనే పాలరాతి స్మారకం దగ్గర తెల్లవారుజాము కచేరీలకు వెళితే వెనక పాలరాయి మీటరును మోసం చేస్తుంది. ఒక స్టాపు పెంచకపోతే రాయి బూడిదరంగు, రాజస్థాన్ జానపద సంగీత సముదాయమైన లంగాల గాయకుల ముఖాలు చీకటి.

ప్రెస్ పాసుతో వేదిక ముందుకు వెళ్లేవాళ్లకు చాలాచోట్ల ఒకే నియమం: మొదటి మూడు పాటలు, ఫ్లాష్ లేకుండా. జానపద గాయకుడైతే పన్నెండు నిమిషాలు, నెమ్మది బ్లూస్ అయితే అరగంట దాకా దొరకొచ్చు. అక్కడ స్పీకర్ల ముందు చెవి బిరడాలు తప్పనిసరి. 100 డెసిబెల్స్ దగ్గర సురక్షితమని చెప్పే హద్దు పావుగంట. లెన్స్ ముందు యూవీ ఫిల్టరు ఉంటే తీసేయండి, ఎదురు దీపాలు దానికీ ముందు గాజుకీ మధ్య అద్దం ఆట ఆడి ఆకుపచ్చ చుక్కలు వదులుతాయి. హుడ్ మాత్రం ఉంచండి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వెళ్లేటప్పుడు కెమెరాను మూసిన సంచిలోనే అరగంట ఉంచాలి, లేకపోతే గాజు మీద ఆవిరి పడుతుంది. ఆ ఆవిరిని తుడిచినా మళ్లీ వస్తుంది. షికాగో జూన్‌లో ఉరుముల వాన చెప్పి రాదు. పెద్ద ప్లాస్టిక్ సంచీ, రెండు రబ్బరు బ్యాండ్లు జేబులో పడేసుకోండి. 64 జీబీ కార్డుకు 24 మెగాపిక్సెల్ రా ఫైళ్లు సుమారు రెండు వేలు పడతాయి. లెక్కపెట్టి తీసేవాళ్లకు ఒక రోజుకు అదే ఎక్కువ.

వేదిక దిగాక పేర్లు రాసుకోండి. ముందు నిలబడి పాడినవాళ్ల పేరు అందరికీ తెలుసు. బాస్, డ్రమ్స్ వాయించినవాళ్ల పేర్లు పోస్టర్ మీద ఉండవు. నాయకుడు పాట మధ్యలో వాళ్లను పరిచయం చేస్తాడు, సాధారణంగా చివరి పాటకు ముందు. ఆ ఒక్క నిమిషం ఫోటోలు ఆపి ఫోనులో రికార్డు పెట్టండి, తర్వాత బ్యాండు వాళ్లను అడిగి స్పెల్లింగు సరిచూసుకోండి.