ఓయూలో ఎమ్మెస్సీ అప్లైడ్ స్టాటిస్టిక్స్: నా అనుభవం

డిగ్రీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ తీసుకున్న మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఎంసీఏ వైపో, సాఫ్ట్‌వేర్ కోచింగ్ వైపో వెళ్లిపోయారు. నాకు స్టాటిస్టిక్స్ అంటేనే ప్రాణం. తెలంగాణ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాస్తే ఉస్మానియా క్యాంపస్‌లో సీటొచ్చింది. ఎంట్రన్స్‌కి డిగ్రీ పుస్తకాలు గట్టిగా చదివితే చాలు.

అప్లైడ్ కోర్సు కాబట్టి థియరీ తక్కువ ఉంటుందనుకోవద్దు. మొదట్లో అంతా లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఎస్టిమేషన్ (శాంపిల్ నుంచి అసలు విలువని అంచనా వేయడం). పగలు క్లాసులు, ప్రాక్టికల్స్; రాత్రి హాస్టల్లో ప్రూఫులు. ఇంటర్నల్స్ దగ్గరపడితే టెన్షన్. అయినా అప్పుడు నేర్చుకున్న ఐగెన్ వెక్టర్లే (మాట్రిక్స్‌తో గుణించినా అదే రేఖ మీద ఉండే వెక్టర్లు) తర్వాత, చాలా చలరాశుల్ని కలిపి చూసే మల్టీవేరియేట్ అనాలిసిస్‌లో, ప్రిన్సిపల్ కాంపొనెంట్లుగా (డేటా ఎక్కువగా చెదిరే దిశలుగా) ఎదురొచ్చాయి. వాటిని వదిలేసి వచ్చినవాళ్లకి ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అవుట్‌పుట్ కింద ఏం రాయాలో పాలుపోలేదు.

క్రామర్–రావు అసమానత చెప్పిన రోజు ఇప్పటికీ గుర్తుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు గారు 1945లో ప్రచురించిన ఫలితమది. అన్‌బయాస్డ్ ఎస్టిమేటర్ (సగటున అసలు విలువనే ఇచ్చే అంచనా సూత్రం) ఎంత మంచిదైనా, కొన్ని షరతులకు లోబడి, దాని వేరియన్స్, అంటే అంచనాల చెదురు, ఒక హద్దు కన్నా కిందికి దిగదు. ఆ హద్దు ఫిషర్ ఇన్ఫర్మేషన్‌కి (తెలియని విలువ గురించి డేటా ఎంత చెప్తుందో కొలిచేదానికి) విలోమం. కోషీ–ష్వార్జ్ అసమానత తెలిస్తే ప్రూఫ్ కొన్ని లైన్లే. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించారని విన్నప్పుడు మన ఇంట్లో మనిషికి వచ్చినంత సంబరపడ్డాను.

అసలు చదువు ప్రాజెక్టులో జరిగింది. మా జిల్లా మండలాల వర్షపాతం తీసుకున్నాను. ఎక్సెల్ షీట్ తెరవగానే గైడ్ మేడం అడిగిన మొదటి ప్రశ్న: “ఈ గడి ఖాళీగా ఉంది. ఆ నెల వాన పడలేదనా, ఎవరూ కొలవలేదనా?” ఏప్రిల్‌లో అయితే సున్నా అనుకోవచ్చు. జూలైలో ఖాళీని సున్నా అనుకుంటే ఆ మండలం సగటు పడిపోతుంది, లేని కరువు కాగితం మీద కనిపిస్తుంది. అందుకని ఖాళీ ఉన్న ప్రతిచోటా చుట్టుపక్కల మండలాల లెక్కలు తీసి చూశాను. అక్కడ బాగా కురిసి ఇక్కడ గడి ఖాళీగా ఉంటే దాన్ని సున్నా చేయకుండా మిస్సింగ్‌గానే ఉంచాను. మోడల్ కట్టడం కన్నా దీనికే ఎక్కువ కాలం పట్టింది, పట్టాలి కూడా.

ఆ తర్వాత ఆటోకోరిలేషన్ ప్లాట్ (ఒక నెల వానకి, కొన్ని నెలల ముందటి వానకి ఉన్న సంబంధం చూపే బొమ్మ) గీస్తే 12, 24 లాగ్‌ల దగ్గర, అంటే 12, 24 నెలల ఎడంలో, గీతలు నిటారుగా లేచాయి. ఏటా వచ్చే నైరుతి రుతుపవనాలు బొమ్మలో అలా కనబడటం చూసి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. వాన లేని నెలలకి లాగరిథమ్ కుదరదు కాబట్టి ఘనమూలం తీసుకుని, సీజనల్ అరిమా (ఏటా తిరిగొచ్చే తీరుని లెక్కలోకి తీసుకుని, పాత విలువల నుంచి రాబోయేవాటిని అంచనా వేసే మోడల్) కట్టాను. చివరి కొన్నేళ్ల డేటాని పక్కనపెట్టి దానిమీద పరీక్షించాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఒకటే అడిగారు: “ఆ నెల పాత సగటు చెప్పేస్తే సరిపోదా? నీ మోడల్ అంతకన్నా ఏం చెప్పింది?” ఎండాకాలం నెలల్లో రెండిటికీ తేడా లేదనీ, జూలై, ఆగస్టుల్లో మోడల్ కాస్త మెరుగేగానీ తప్పు ఇంకా ఎక్కువేననీ, రైతు దీన్ని నమ్మి విత్తనం వేయకూడదనీ చెప్పాను. ఆ మాట రిపోర్టులో ఏ పేజీలో రాశావని అడిగారు. తీసి చూపించాను.