అమ్మతో మిర్చి పంచాయితీ

ఫిబ్రవరి రెండో శనివారం, పొద్దున తొమ్మిది. నర్సంపేట దగ్గర మా ఊర్లో, ఇంటి వెనక కల్లంలో తేజ అనే కారపు రకం మిర్చి ఎండుతోంది. అమ్మ, ఇద్దరు కూలి ఆడవాళ్ళు తాలు కాయ ఏరుతున్నారు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్తా. సెలవు దొరికితే బస్సెక్కి వచ్చి, ముక్కుకు చున్నీ కట్టుకుని ఇదే కల్లంలో కూర్చుంటా. సాయం చేస్తున్నానని పేరే గాని, నేను ఏరిన కుప్పను అమ్మ మళ్ళీ ఒకసారి ఏరుతుంది.

తొక్కు నూరదామని పండుమిర్చి ముందేసుకుంది. చపాట, అంటే మా దగ్గరి కారం తక్కువ రకం, ఆ కాయలు తక్కువ పడ్డాయని కొన్ని తేజ కాయలు కూడా కలిపింది. అల్లుడికి గ్యాస్ గదా, అందుకని కాయను నిలువునా చీల్చి వేలితో లోపలంతా గీకేస్తోంది.

"కారమంత గింజలనే ఉంటది బిడ్డా. గింజ తీస్తే సప్పగైతది."

నేను ఊరుకుంటే అయిపోయేది. పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పిన నోరు ఊరుకుంటదా?

"గింజల కారం ఉండదమ్మా. గింజలు అంటుకుని ఉంటయ్ చూడు, ఆ తెల్ల ఈనె, అండ్ల ఉంటది."

"నలభై ఏండ్ల సంది మిర్చి తోట చేస్తున్న. నువ్వు నాకు చెప్తవా?"

సరేనని ఒక తేజ కాయ తీసుకుని బ్లేడుతో కోశా. ఎండకు పట్టి చూస్తే లోపల అంతా కనబడుతుంది. ఎర్రటి తోలు, మధ్యలో తొడిమె వైపు నుంచి దిగిన మెత్తటి తెల్ల ఈనె, దానికి వరసగా అతుక్కున్న గింజలు. ఈనె మీద అక్కడక్కడ చిన్న చిన్న పొక్కులు, లేత పసుపు నూనె నింపినట్టు మెరుస్తున్నాయి. కారం ఆ నూనెలోనే. కారాన్నిచ్చే పదార్థం, క్యాప్సైసిన్, అక్కడే తయారై అక్కడే నిలవ ఉంటుంది. కాయ కొసన తోలు ముక్క గిల్లి అమ్మకు ఇచ్చా. "అంత లేదు" అంది. "మరి గింజ నువ్వు తిను" అంది.

తిన్నా. నాలుక భగ్గుమంది. కూలి వాళ్ళు కూడా నవ్వారు.

తప్పు నాదే. గింజ ఆ ఈనెకే రాసుకుని ఉంటుంది కాబట్టి నూనె దానికీ అంటుతుంది. కొన్ని గింజలు పల్లినూనెలో పిసికి, గుడ్డతో తుడిచి, మళ్ళీ నమిలి చూపించా. చప్పగా, కొంచెం వగరుగా ఉన్నాయి. అమ్మ ఒప్పుకుందా? "నూనె తాగినంక ఇంకేం కారముంటది" అంది. అయినా అమ్మ లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేను. గింజలు గీకేటప్పుడు ఈనె కూడా ఊడొస్తుంది, కారం తగ్గుతుంది. కారణం వేరైనా పని జరుగుతుంది.

నా బుర్రలో తిరిగింది మాత్రం వేరే సంగతి. క్లాసులో పిల్లలు డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ అని బాణాలు గీసి గడగడా అప్పజెప్తారు. "మిర్చి చెట్టు ఆకులోనూ అదే డీఎన్ఏ ఉంది గదా, మరి ఆకు ఎందుకు కారంగా ఉండదు?" అని అడిగితే క్లాసు మొత్తం ఫ్యాను వైపు చూస్తుంది.

మిర్చిలో 12 జతల క్రోమోజోములు. వంకాయకూ టమాటకూ అంతే. జతలో ఒక్కోటి తీసుకుంటే, ఆ ఒక్క వరస డీఎన్ఏలో సుమారు 350 కోట్ల అక్షరాలు, మనిషిలో అవి 310 కోట్ల చిల్లర. 2014లో మిర్చి జన్యుపటం అచ్చయినప్పుడు ఆ అంకె చూసి నేను కాసేపు పేజీ తిప్పలేదు. మనకంటే మిర్చి రాత పొడుగు! తెలివికీ దీనికీ సంబంధం లేదు లెండి, అందులో ఎక్కువ భాగం అవే ముక్కలు మళ్ళీ మళ్ళీ రావడమే. ఉన్నవి నాలుగే అక్షరాలు, ఏ, టీ, జీ, సీ. రెండు పోగుల నిచ్చెనలో ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ. ఒక పోగు తెలిస్తే రెండోది రాసుకోవచ్చు, కణం రెండయ్యేటప్పుడు జరిగేది అదే. తల్లి వైపుదీ తండ్రి వైపుదీ రెండు వరసలూ సాగదీస్తే ఒక్క కణంలోనే రెండు మీటర్ల పైచిలుకు దారం.

ఈ రాత మొత్తం ఆకులో ఉంది, వేరులో ఉంది, తోలులో ఉంది, ఈనెలో ఉంది. (గింజ లోపలి మొలక అవతలి తరం. దాన్ని ఇందులోకి లాగితే పంచాయితీ తెల్లారదు.) నేను క్లాసులో పహాణీ, అదే భూమి రికార్డు, లెక్కన చెప్తా. అసలు రికార్డు ఆఫీసు గడప దాటదు. మనకు కావలసిన సర్వే నంబరుకు నకలు తీసుకుని బయటికొస్తాం, దాంతో పని చేయించుకుంటాం. కేంద్రకంలో డీఎన్ఏ అట్లాగే కదలకుండా ఉంటుంది, అవసరమైన జన్యువుకే, అంటే ఆ రాతలో ఒక ముక్కకే, ఆర్ఎన్ఏ నకలు తయారవుతుంది. పుస్తకంలో దీన్ని అనులేఖనం అంటారు. ఆ నకలును బయట రైబోసోమ్ అనే చిన్న యంత్రం మూడేసి అక్షరాల చొప్పున చదివి అమైనో ఆమ్లాలను దండలా గుచ్చుతుంది, ఆ దండే ప్రోటీన్. మూడక్షరాల మాటలు 64, అందులో మూడు ఆగమనే గుర్తులు, మిగతా 61 మాటలు 20 అమైనో ఆమ్లాలకు. ఏ మాటకు ఏ ఆమ్లమో తేల్చిన వాళ్ళలో మన హరగోవింద్ ఖొరానా ఒకరు, 1968 నోబెల్ దానికే.

ఇక్కడ పిల్లలు పడే గుంట ఒకటుంది. క్యాప్సైసిన్ ప్రోటీన్ కాదు. కాబట్టి డీఎన్ఏలో కారం అని ఎక్కడా రాసి లేదు. కారం తయారుచేసే మేస్త్రీని ఎట్లా తయారుచేయాలో రాసి ఉంది. ఆ మేస్త్రీ ఒక ఎంజైమ్, వనిల్లాకు దగ్గరి చుట్టమైన ఒక ముక్కను కొవ్వు ఆమ్లం ముక్కతో అతికిస్తుంది. దాని జన్యువు పేరు పన్1, రెండో క్రోమోజోము మీద ఉంటుంది, 2005లో దొరికింది. కూరకు తెచ్చుకునే లావు క్యాప్సికంలో అదే జన్యువు దగ్గర సుమారు 2,500 అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. పోయిన దాంట్లో ఎక్కువ భాగం జన్యువు ముందు ఉండే ప్రమోటర్, అంటే నకలు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పుడు తీయాలో చెప్పే జాగా. కౌంటరే లేకపోతే నకలు ఎవరిస్తారు? మేస్త్రీ రాడు, కారం లేదు.

కౌంటరు ఉన్న తేజలో కూడా అన్ని కణాల్లో అది తెరుచుకోదు. ప్రమోటర్ మీద వచ్చి కూర్చునే కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, అవి ఈనె కణాల్లో కూర్చుంటేనే నకళ్ళు మొదలవుతాయి, అదీ కాయ కొంత ఎదిగాకే. ఆకులో కౌంటరు మూసే ఉంటుంది. భూత్ జోలకియా లాంటి మహా కారపు రకాల్లో తోలు లోపలి వైపు కూడా తెరుచుకుంటుంది, అందుకే వాటిని ఏం గీకినా లాభం లేదు. పచ్చికాయ పండై ఎర్రబడటం కూడా ఇదే తంతు. ఎరుపు రంగు చేసే ఎంజైమ్ జన్యువు అప్పుడు పనిలోకి దిగుతుంది. మా చపాటలో కారం తక్కువ, ఆ రంగు బాగా ఎక్కువ. చూడ్డానికి టమాటలా ఉంటుందని టమాట మిర్చి అంటారు. 2025లో దానికి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది.

ఇదంతా నాకు తోచిన తీరులో అమ్మకు చెప్పా. కాయలు చీలుస్తూనే విని, "అయితే నీళ్ళు తక్కువైన ఏడు కారం ఎందుకెక్కుతది?" అంది.

నా దగ్గర జవాబుంది, కానీ ముందు ప్రశ్న ఆమె వేసింది. చాలా రకాల్లో నీటి ఎద్దడి, ఎండ తగిలితే ఈ జన్యువుల పని పెరుగుతుంది. రాత మారదు, తీసే నకళ్ళ లెక్క మారుతుంది. నేను జన్యు వ్యక్తీకరణ అని బోర్డు మీద రాసేది అమ్మకు బావి అడుగంటిన ఏళ్ళతో తెలుసు.

ఏడెనిమిదేళ్ళ కింద నాయిన ఒక దుకాణంలో హైబ్రిడ్ అని ప్యాకెట్లు తెచ్చాడు. గింజ చూస్తే ఏం తెలుస్తది? నారు బాగా వచ్చింది, నాట్లయ్యాయి. మూడు నెలలకు ఒక చెట్టు నడుం దాకా, పక్కది మోకాలి దాకా, ఒకదానికి సన్నకాయ, ఒకదానికి పొట్టికాయ. హైబ్రిడ్ తోటలో కాసిన కాయల గింజనే ప్యాకెట్లలో నింపారని మా అనుమానం. హైబ్రిడ్‌కు తల్లి రాత ఒకటి, తండ్రి రాత ఒకటి, వాటి పిల్లలకు రెండూ కలగలిసి దిక్కుకొకటి పోతుంది. డీఎన్ఏలో కొన్ని చోట్లు పోల్చి గింజ దశలోనే దీన్ని పట్టే పరీక్షలున్నాయి. నాయినకు మాత్రం ఆ గింజను చదివి పెట్టింది రెండెకరాల చెలకనే, అదీ మందులకూ కూలీలకూ అప్పు తెచ్చినంక. నష్టపరిహారం అన్నారు, సంతకాలు తీసుకున్నారు, అంతే.

చపాటకు ఆ బాధ లేదు, గింజ ఇంట్లోదే. అమ్మ తోటలో కొన్ని చెట్లకు పాత చీర పేలికలు కట్టి పెడుతుంది. "కాయను చూసి ఇత్తనం తీయొద్దు బిడ్డా, చెట్టును చూసి తీయాలె. కాలువ పక్కనుంటే ఏ కాయైనా ఒకటి లావైతది" అంది. పైకి కనబడే రూపం వేరు, లోపలి రాత, అంటే జన్యురూపం, వేరు అని నేను చెప్పే పాఠానికి రెండు పీరియడ్లు పడుతుంది.

సాయంత్రం బస్సులో హన్మకొండ చేరేదాకా నా వేళ్ళు మండుతూనే ఉన్నాయి. రాత్రి అన్నం దగ్గర తొక్కు డబ్బా మూత తీశా. గింజలు ఒక్కటి కూడా లేవు, ఏరి ఏరి తీసింది. తెల్ల ఈనె మాత్రం ఎక్కడిదక్కడే ఉంచి నూరింది. మా ఆయన రెండో ముద్దకే మజ్జిగ అడిగాడు.