నోటీసు ఎవరి పేరున

మొన్న ఆదివారం మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటా ఉండి, "అమా, రాజ్యాంగ సభ నియమాల కమిటీలో ఉండిన తెలుగామె ఎవరో చెప్పు చూద్దాం" అనింది. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నా. తల ఎత్తకుండానే "దుర్గాబాయి" అన్నా. పిల్ల పుస్తకం మూసేసి, "నీకెట్టా తెలుసు?" అని నా పక్కన వచ్చి కూర్చుంది. అప్పుడు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మాది నెల్లూరు నుంచి పెన్న దాటి ఉత్తరంగా వస్తే తగిలే వరి ఊర్లలో ఒకటి. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది. నిలబడాలనుకున్నది మా ఆయన, నిలబెట్టింది నన్ను. గెలిచాను. గెలిచాక కూడా చాలా నెలలు పంచాయతీ ఆఫీసు గడప తొక్కలేదు. మీటింగుకు ఆయన పోయేవాడు. సాయంత్రం అటెండరు తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చి, "ఇక్కడొక సంతకం పెట్టు మా" అనేవాడు. పొయ్యి మీద పులుసు పొంగుతుందన్న ధ్యాసలో పెట్టేసేదాన్ని.

ఒకరోజు కరెంటు పోయి, అటెండరు అరుగు మీద కూర్చున్నాడు. పుస్తకం నా చేతిలో ఉంది. వెలుతురున్న కాడికి జరిగి, ఊరికే చదవడం మొదలుపెట్టా. మా వీధి తాగునీటి పైపులైను మరమ్మతు అయిపోయినట్టు, బిల్లు చెల్లించడానికి సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించినట్టు రాసుంది. ఆ పైపు కారే నీళ్ళలోనే అటెండరు చెప్పులు తడుపుకుని వచ్చున్నాడు. సభ్యులందరూ అంటే నేనూ ఉన్నట్టే కదా. ఆ పూట సంతకం పెట్టలేదు. రాత్రి ఇంట్లో పెద్ద గొడవయింది, అది ఇక్కడ రాయను.

మర్నాడు మా ఊర్లో రిటైరైన అయ్యవారి దగ్గరకు పోయి, ఏం చెయ్యాలని అడిగా. ఆయన వెంటనే సలహా ఏమీ ఇవ్వలేదు. "అమ్మణ్ణీ, దుర్గాబాయమ్మ గురించి విన్నావా?" అన్నాడు. ఆంధ్ర మహిళా సభ పెట్టినామె అని మాత్రం తెలుసు నాకు. ఆయన చెప్పింది వేరే.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ. ఖాదీ ప్రదర్శన దగ్గర దుర్గాబాయి వాలంటీరు. అప్పటికి పద్నాలుగేళ్ళ పిల్ల. టికెట్టు లేనిదే ఎవరినీ లోపలికి వదలొద్దని ఆమెకు చెప్పున్నారు. నెహ్రూ వచ్చాడు. టికెట్టు లేదు. ఆపేసింది. పెద్దలు కంగారుపడినా, టికెట్టు తెచ్చి చేతిలో పెట్టిందాకా వదల్లేదు. ఈ కథ మన పాఠాల్లో ధైర్యం గురించి చెప్తారు. నాకు మాత్రం అది రూలు గురించిన కథ. ఎదురుగా ఉన్నది ఎవరైనా ఆ పిల్ల వెనక ఒక రూలుంది, అందుకే కాళ్ళు వణకలేదు.

ఆ పిల్లే 1946లో రాజ్యాంగ సభకు పోయింది. డిసెంబర్ 9న సభ మొదలైతే, ముందు చూసుకున్న పనుల్లో నియమాల కమిటీ ఒకటి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలి, సవరణ ఎట్టా ఇవ్వాలి, ఓటు ఎట్టా తీసుకోవాలి, ఇవన్నీ తేల్చే కమిటీ. అందులో దుర్గాబాయి సభ్యురాలు. సభలో ఏ పని ఎప్పుడు జరగాలో చూసే స్టీరింగ్ కమిటీలోనూ ఉంది. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక మహిళ కూడా ఆమే. దేశం ఎట్టా ఉండాలో చెప్పే లక్ష్యాల తీర్మానాన్ని నెహ్రూ పెట్టింది డిసెంబర్ 13న, అది ఆమోదం పొందింది 1947 జనవరి 22న. ఈ రెంటి నడుమే సభ తన నియమాలను ఖాయం చేసుకుంది. దేశం ఎట్టా ఉండాలో ఒప్పుకోకముందే, ఎట్టా మాట్లాడుకోవాలో ఒప్పుకున్నారు. ఈ సంగతి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

మన జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా కమిటీలో ఉన్నారని మనోళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. కానీ నియమాల కమిటీలో కూర్చున్న ఆడమనిషి పేరు మాత్రం పరీక్షలకు చదివే పిల్లల నోట్లోనే మిగిలింది. అది నాకు బాధ.

1949 మే నెలలో ఆమె ఇంకో పని చేసింది. రాజ్యసభకు పోవాలంటే 35 ఏళ్ళు నిండాలని అంబేడ్కర్ ప్రతిపాదనలో ఉంటే, 30 చాలని దుర్గాబాయి సవరణ పెట్టింది. వయసు ముదిరితేనే తెలివి వస్తుందన్నది పాతకాలం మాట, ఇప్పటి పిల్లలు బాధ్యత ఎరిగినవాళ్ళు అన్నది ఆమె వాదన. సభ ఒప్పుకుంది. 84వ అధికరణంలో ఈనాటికీ 30 అనే ఉంది. ఒక్క అంకె మారింది, అంతే. కానీ ఆ అంకె మార్చాలంటే సవరణ ఎట్టా ఇవ్వాలో తెలిసుండాలి, ఇచ్చిన సవరణను సభ వినక తప్పని నియమమూ ఉండాలి. పెద్దగా అరిచినందుకు మారలేదు అది.

అయ్యవారు పంచాయతీరాజ్ చట్టం పుస్తకం నా చేతిలో పెట్టి, మీటింగుల నియమాలున్న పేజీలు మడిచి ఇచ్చాడు. పది రోజులు పట్టింది చదవడానికి. తర్వాత మీటింగుకు నేనే పోయా. చీర కొంగు చేతికి చుట్టుకుని, కార్యదర్శి గారిని రెండే అడిగా. "అజెండాతో నోటీసు నాకు ముందే రావాల కదండీ? పోయినసారి తీర్మానాలు ఒకసారి చదవండి, అందరం విందాం." గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక చిన్నాయన మాత్రం, "ఇంట్లో మగాడు లేడా మా?" అన్నాడు. "ఉన్నాడు చిన్నాయనా. మెంబరును నేను" అన్నా. పైపు బిల్లుకు నా అసమ్మతి అని పుస్తకంలో రాయించా. రాస్తుంటే పక్కనే నిలబడి అక్షరం అక్షరం చూశా. ఆ బిల్లు ఆగింది. నెల తిరక్కుండా పైపు బాగైంది.

ఆ తర్వాత మీటింగుకు నాలుగు రోజుల ముందు అటెండరు వచ్చాడు. ఈసారి చంకలో పుస్తకం లేదు, చేతిలో కాగితం ఉంది. మా ఆయన వాకిట్లోనే ఉండి తీసుకోబోయాడు. "లేదన్నా, అమ్మ పేరున వచ్చింది. అమ్మకే ఇయ్యాల" అన్నాడు అటెండరు. మా ఆయన ఒక్క క్షణం ఆగి, లోపలికి తిరిగి నన్ను పిలిచాడు.