ఛాంపియన్లు దొరికారు, గ్రౌండే నిలవలేదు

శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు నాకో టూ వీలర్ మెకానిక్ షాపుంది. ఈ బ్లాగులో ఇంతవరకూ కార్బురేటర్లు, క్లచ్ ప్లేట్లు, వానాకాలం బండి స్టార్ట్ కాకపోతే ఏం చూసుకోవాలి, ఇలాంటివే రాస్తూ వచ్చాను. ఈసారి ఇంగ్లండులో మూతబడిపోయిన ఒక జట్టు గురించి. క్రికెట్టు కాదు, ఫుట్‌బాలూ కాదు. ఆట పేరు స్పీడ్‌వే, జట్టు పేరు క్రాడ్లీ హీథెన్స్.

మా మేనల్లుడు బర్మింగ్‌హామ్ పక్కన డడ్లీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి ఇంటి ఓనరు ఒక పెద్దాయన. వీడి మావయ్యకి బైకుల షాపుందని తెలిసిన దగ్గర్నుంచి ఆయన నాకు వీడి ఫోన్లోంచి పాత రేసుల వీడియోలు పంపిస్తున్నాడు. మొదటి వీడియో చూడగానే ఫోన్ చేశాను.

"ఒరే, దీనికి ముందు బ్రేకు కనబడదేంటి?"

"వెనకదీ ఉండదు మావయ్యా."

నిజమే. స్పీడ్‌వే బండికి బ్రేకులుండవు. గేరు ఒక్కటే. 500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజను, పెట్రోలు బదులు మెథనాల్. బరువు 80 కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది, అంటే మన బుల్లెట్టులో సగం కూడా లేదు. కిక్కరు లేదు, తోసి స్టార్ట్ చెయ్యాలి. ట్రాకు కోలగా ఉంటుంది, పైన షేల్ అనే రాతిపొడి పరుస్తారు. నలుగురు రైడర్లు, ఒక్కో జట్టు నుంచి ఇద్దరు. నాలుగు రౌండ్లు, ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుడు. నిమిషం తిరిగేసరికి రేసు అయిపోతుంది. మొదటివాడికి 3 పాయింట్లు, తర్వాతవాళ్ళకి 2, 1, చివరివాడికి సున్నా. అలాంటి చిన్న చిన్న రేసులు పది పదిహేను కలిపితే ఒక మ్యాచి.

మరి బ్రేకు లేకుండా మలుపెలా తిరుగుతారు? నన్ను పట్టేసింది అదే. మలుపు రాకముందే వెనక చక్రాన్ని కావాలని జారనిస్తారు. బండి ఎడమకి వాలిపోతుంది, హ్యాండిల్ మాత్రం కుడికి తిరిగి ఉంటుంది. ఎడమ కాలు నేలకి రాసుకుంటూ పోతుంది. ఆ బూటుకి కింద ఇనప తొడుగు ఉంటుంది, లేకపోతే ఒక్క రాత్రికే అరిగిపోతుంది. భయమేసి ఎక్సలేటర్ ఒక్కసారి వదిలేశారో, జారుతున్న చక్రానికి ఠక్కున పట్టు దొరుకుతుంది. ఇక బండి ఎటు విసురుతుందో చెప్పలేం. అంటే భయమేసినప్పుడే చెయ్యి ఇంకాస్త తిప్పాలి. ఇన్నేళ్ళుగా కుర్రాళ్ళకి నేను చెప్పేది సరిగ్గా దీనికి ఉల్టా.

ఆ వీడియో మా షాపు కుర్రాడికి చూపించాను. నోరు తెరుచుకుని చూసి, "గురూ, దీనికి ఇన్సూరెన్స్ ఇస్తారేటి?" అన్నాడు.

ఇంకో సంగతి. ఆ ఇంజన్లకి అప్పట్లో ఎక్కువగా వాడింది ఆముదంతో చేసిన ఆయిలు. అది కాలితే వచ్చే వాసన కోసమే సగం మంది గ్రౌండుకొచ్చేవారని పెద్దాయన అన్నాడట. మా అమ్మ మా నెత్తికి పట్టించిన ఆముదాన్ని వాళ్ళు రేసు బండికి పట్టించారన్నమాట.

క్రాడ్లీ హీత్ డడ్లీ దగ్గరి ఊరు. ఇనుప గొలుసులకి పెట్టింది పేరు. టైటానిక్ ఓడ పెద్ద లంగరు తయారైంది ఆ చుట్టుపక్కలే, నెదర్టన్‌లో. 1910లో క్రాడ్లీ హీత్‌లో గొలుసులు కొట్టే ఆడవాళ్ళు మేరీ మకార్థర్ అనే నాయకురాలి వెనక పది వారాలు సమ్మె చేసి కనీస కూలి సాధించుకున్నారు. పెరట్లో కొలిమి పెట్టుకుని పిల్లల్ని పక్కన పడుకోబెట్టి సుత్తి పట్టిన మనుషులు. ఆ ఊరి జనానికి శనివారం సాయంత్రం కావాల్సింది మెత్తటి ఆట అయ్యుండదని నా అనుకోలు. 1947లో డడ్లీ వుడ్ స్టేడియంలో హీథెన్స్ మొదలయ్యారు. 1950లలో కొన్నాళ్ళు మూసేశారు, 1960లో మళ్ళీ తెరిచారు. 1965లో బ్రిటిష్ లీగ్ పెట్టినప్పుడు అందులో చేరారు. అక్కణ్ణుంచి చాలాకాలం మామూలు జట్టే.

1978లో కాలిఫోర్నియా నుంచి బ్రూస్ పెన్‌హాల్ అనే కుర్రాడు వచ్చాడు. పొడుగ్గా, రాగిజుట్టుతో, సినిమా హీరోలా ఉంటాడు. గొలుసులు కొట్టే ఊరు వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. 1981 సెప్టెంబరులో లండన్ వెంబ్లీ స్టేడియంలో ప్రపంచ ఫైనల్, ఇది జట్లుగా కాదు, ఎవరికి వారే ఆడేది. ఆ స్టేడియంలో జరిగిన చివరి స్పీడ్‌వే ఫైనల్ అదే. ఒక్కొక్కరికీ ఐదు రేసులు. పెన్‌హాల్ నాలుగు గెలిచి, ఒకదాంట్లో రెండో స్థానంలో వచ్చి 14 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. అంకెల్లో తేలిగ్గా గెలిచినట్టే ఉంటుంది. చూస్తే తెలుస్తుంది. అప్పటికే మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన డెన్మార్క్ రైడర్ ఓలే ఓల్సెన్‌ని ఒక రేసులో సరిగ్గా గీత దగ్గర దాటాడు. ఇంకో రేసులో టామీ నుడ్సెన్‌నీ అలాగే గీత దగ్గరే. రెండుసార్లూ చివరి మలుపు దాకా వెనకే ఉన్నాడు. చివరి మలుపులో అందరూ లోపలి వైపుకి ఆనుకుంటే వీడు బయట వైపు, మట్టి ఎక్కువ పేరుకున్న చోటికి పోయి, అక్కడి పట్టుతో వేగం తెచ్చుకున్నాడు. నేను ఆపి ఆపి చూశాను. బండిని ఎక్కడ నిటారుగా లేపాడో ఆ క్షణంలోనే గెలిచేశాడు.

ఆ ఏడాదే క్రాడ్లీ మొదటిసారి లీగ్ ఛాంపియన్ అయింది. 1982లో ప్రపంచ ఫైనల్ లాస్ ఏంజెలిస్‌లో, అంటే పెన్‌హాల్ సొంత గడ్డ మీద. మళ్ళీ గెలిచాడు. గెలిచి, బహుమతిచ్చే మెట్ల మీద నిలబడే రిటైర్ అవుతున్నానని చెప్పేశాడు. అక్కణ్ణుంచి మోటార్ సైకిల్ పోలీసుల టీవీ సీరియల్లో నటించడానికి పోయాడు! వయసు పాతికేళ్ళే. పెద్దాయనకి ఆ కోపం ఇంకా తగ్గలేదని మావాడు చెప్పాడు. నాకైతే తప్పనిపించలేదు. ఒళ్ళు బాగున్నప్పుడు దిగిపోయినవాడే తెలివైనవాడు, ముఖ్యంగా ఈ ఆటలో.

ఎందుకంటే తర్వాతవాడి కథ వేరు. ఎరిక్ గుండర్సన్, డెన్మార్క్ కుర్రాడు, 1979లోనే క్రాడ్లీకి వచ్చాడు. పెన్‌హాల్ వెళ్ళిపోయాక జట్టు భారం వీడి మీద పడింది. 1983లో క్రాడ్లీ మళ్ళీ లీగ్ గెలిచింది. 1984లో గుండర్సన్ ప్రపంచ ఛాంపియన్. 1985లో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఓడ్సల్ స్టేడియంలో మళ్ళీ. ఆ రోజు ముగ్గురికి సమానంగా 13 పాయింట్లొస్తే వాళ్ళకి విడిగా ఇంకో రేసు పెట్టారు. హాన్స్ నీల్సన్, శామ్ ఎర్మోలెంకో ఇద్దర్నీ వెనక్కి నెట్టాడు. 1988లో మూడోసారి. మనిషి పొట్టి. మొహం మీద ఎప్పుడూ నవ్వే. వీడియోలో బండి కంటే ముందు వాడి నవ్వే గుర్తొస్తుంది.

1989 సెప్టెంబరు 17, అదే ఓడ్సల్. దేశాల జట్ల ప్రపంచ కప్ ఫైనల్. మొదటి రేసు, మొదటి మలుపు. గుండర్సన్ పడ్డాడు, వెనకొస్తున్న ముగ్గురికీ తప్పించుకునే చోటు లేదు. ఆ ముగ్గురిలో ఇంగ్లండు తరఫున ఆడుతున్న సైమన్ క్రాస్ ఒకడు. ఆ రోజుల్లో క్రాడ్లీలో గుండర్సన్‌తో కలిసి ఆడుతున్నవాడే. ఇంట్లో ఒక జట్టు, దేశానికి వేరే జట్టు. బ్రేకు లేదు కదా, పట్టుకుని లాగడానికి. గుండర్సన్ గుండె ఆగిపోతే డాక్టర్లు తిరిగి కొట్టుకునేలా చేశారు. ఒళ్ళు చచ్చుబడిపోయిన మనిషి నెలల తరబడి కష్టపడి మళ్ళీ లేచి నడిచాడు. రేసులు మాత్రం అంతటితో సరి. ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను. షాపులో కుర్రాళ్ళకి చూపించలేదు.

తర్వాత యాన్ ఓ పెడర్సన్, ఇతనూ డెన్మార్కే. 1991 ఫైనల్లో ఐదుకి ఐదూ గెలిచి 15 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాదే వెన్ను విరిగి ఆట ఆగిపోయింది.

ఇన్ని దెబ్బలు తిన్నా జట్టు నిలబడింది. అమెరికా నుంచి గ్రెగ్ హాంకాక్, బిల్లీ హామిల్ వచ్చారు. రైడర్లకి కరువు ఎప్పుడూ రాలేదు. కరువొచ్చింది నేలకి. డడ్లీ వుడ్ స్టేడియం జట్టుది కాదు. సొంతదారులు దాన్ని ఇళ్ళు కట్టే కంపెనీకి అమ్మారు. అభిమానులు సంతకాలు పెట్టారు, చందాలు పోగేశారు, ఏమీ కాలేదు. 1995తో అక్కడ రేసులు బంద్.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. మా ఊళ్ళో వాలీబాల్ కోర్టు బుగత గారి పొలం గట్టు పక్కన ఉండేది. ఆయన ఏనాడూ కాదనలేదు. సంక్రాంతికి జనరేటర్ పెట్టి, లైట్లు కట్టి టోర్నమెంటు ఆడేవాళ్ళం. పక్కూళ్ళ జట్లొచ్చేవి. ఆయన పోయాక పిల్లలు పొలం అమ్మేశారు. కొన్నవాళ్ళు మాతో ఒక్క మాటైనా అనకుండా రాత్రికి రాత్రి స్తంభాలు పీకి, రంగు రాళ్ళు పాతి లేఔట్ చేశారు. మాకు కాయితమేదీ లేదు, ఏం అడుగుతాం? ఒక సంక్రాంతికి పక్కూళ్ళో వాళ్ళ కోర్టులో ఆడాం. చూడ్డానికి మా ఊరి నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే వచ్చారు. తర్వాత ఎవరి దారి వాళ్ళది.

క్రాడ్లీకీ అచ్చంగా అదే జరిగింది. 1996లో ఉత్తరాన స్టోక్ దగ్గరున్న గ్రౌండులో, రెండూళ్ళ పేర్లూ కలిపి పెట్టుకుని ఆడారు. పరాయి ఊరి గ్రౌండు, శనివారం నడిచి వెళ్ళే చోటు కాదు. ఆ ఒక్క ఏడాదితో మూతబడింది. అదే ఏడాది ఆ జట్టు రైడర్ బిల్లీ హామిల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు! మరుసటి ఏడాది హాంకాక్, అప్పటికి కవెంట్రీ జట్టుకి మారిపోయి. 1981 నుంచి 1996 దాకా క్రాడ్లీలో ఆడుతూ ఉన్నవాళ్ళు ప్రపంచ టైటిల్ ఏడుసార్లు తెచ్చారు. ఏడు టైటిళ్ళ జట్టుకి కాలు పెట్టుకునే చోటు లేకపోవడమేంటి అని మావాణ్ణి అడిగితే, "టైటిళ్ళు రైడర్లవి, స్థలం ఓనర్లది మావయ్యా" అన్నాడు. తాసీల్దారులా మాట్లాడతాడు వాడు.

2010లో కింది స్థాయి లీగులో డడ్లీ హీథెన్స్ పేరుతో మళ్ళీ జట్టు కట్టారు. ట్రాకు లేదు కాబట్టి వుల్వర్‌హాంప్టన్‌లోని మాన్‌మోర్ గ్రీన్‌లో మ్యాచిలు పెట్టుకోవాల్సొచ్చింది. వుల్వర్‌హాంప్టన్ అంటే క్రాడ్లీకి పాత పగ. వాళ్ళ గ్రౌండులో మన జెండా ఎత్తడమేంటని పెద్దాయన చాలా గింజుకుని, చివరికి మొదటి మ్యాచికే వెళ్ళాడట. ఆ జట్టూ కొన్నేళ్ళకి ఆగిపోయింది. చివరికి 2023లో మాన్‌మోర్ గ్రీన్ నడిపేవాళ్ళు ఇక స్పీడ్‌వేకి చోటు ఇవ్వం అనేశారు, వుల్వర్‌హాంప్టన్ కూడా మూతబడింది. కవెంట్రీ అయితే 1928 నుంచీ ఉన్న బ్రాండన్ స్టేడియంలో 2016లో చివరి సీజను ఆడింది. అక్కడా కొన్నది ఇళ్ళ కంపెనీయే.

ఒక్క మాంచెస్టర్ మాత్రం కాస్త మెరుగు. అక్కడి బెల్ వ్యూ జట్టు కోసం నగర కౌన్సిల్ కొత్త స్టేడియం కట్టించింది, 2016లో మొదలైంది. వచ్చే సీజన్లో పెద్దాయన్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్తానంటున్నాడు మావాడు. రేసులు ఎలాగూ ఫోన్లో చూస్తాను, నాకు కావాల్సింది వేరే. రైడర్లు బళ్ళు విప్పే చోటికి వెళ్ళి క్లచ్ ప్లేట్లు ఎన్నో, ఎలా బిగిస్తారో దగ్గర్నుంచి వీడియో తియ్యమన్నాను. వాడు "చూస్తాలే మావయ్యా" అన్నాడు. ఆ మాట వాడు మా అక్కతో పెళ్ళి గురించి కూడా అంటూ ఉంటాడు కాబట్టి, ఈసారి నేరుగా పెద్దాయనకే చెప్పించాను.