ఆ 14 మిల్లీమీటర్లు

2006 వేసవిలో మా రైల్వే షెడ్డుకి ఒక డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజన్‌ని లాక్కొచ్చారు. గేటు లేని లెవెల్ క్రాసింగ్ మీద గ్రానైట్ లారీని గుద్దింది. డ్రైవరూ అసిస్టెంటూ దెబ్బలతో బయటపడ్డారు. షార్ట్ హుడ్, అంటే క్యాబు ముందుండే పొట్టి ముక్కు, నలిగిపోయింది. పట్టాల మీద అడ్డొచ్చినవాటిని తోసే క్యాటిల్ గార్డ్ ఊడిపోయింది, గుద్దుడు తట్టుకునే ఎడమ బఫర్ కిందికి వాలింది. నేను బాడీ సెక్షన్‌లో చేరి అప్పటికి రెండేళ్లు. చూడగానే కటింగ్ టార్చ్ అందుకున్నాను.

మేస్త్రిగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "రేకుదేముంది నాయనా, ఎప్పుడైనా కోయొచ్చు. ముందు దీని ఎముక సంగతి చూడు" అన్నారు.

ఎముక అంటే అండర్‌ఫ్రేమ్, బండి అడుగున ఉండే ఉక్కు చట్రం. 2600 హార్స్‌పవర్ ఇంజను, జనరేటరు, క్యాబు అన్నీ దాని మీదే కూర్చుంటాయి. బండి మొత్తం బరువు 112 టన్నుల పైమాటే. క్రేన్‌తో బాడీని బోగీల (చక్రాలుండే చట్రాల) మీద నుంచి లేపి స్టాండ్ల మీద పెట్టాం. నీళ్ల ట్యూబుతో మట్టం చూశాం. బాడీ బోగీ మీద కూర్చునే పివట్ మధ్య నుంచి, బఫర్లు బిగించే ముందు దూలం హెడ్‌స్టాక్ రెండు మూలలకీ టేపు పట్టాం. ఎడమవైపు 14 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. నేను తప్పు చదివానేమో అనుకుని మళ్లీ కొలిచాను, మూడోసారి ఆయన కొలిచారు. అదే 14. పైనుంచి చూస్తే ఆ ఫ్రేమ్‌లో ఏ వంకరా కనబడదు. కొత్త ముక్కు అతికించి రంగు వేసేసి ఉంటే అలాగే లైన్ మీదికి వెళ్లిపోయేది.

రంగు గీకి, కంటికి కనబడని పగుళ్లు పట్టే డీపీ టెస్ట్ చేశాం. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టగానే హెడ్‌స్టాక్ అతుకు దగ్గర వెంట్రుకంత ఎర్రగీత పైకి తేలింది. జానెడు పొడుగు. దాన్ని చూసినప్పుడు నా కడుపులో కలిగిన దిగులు ఇప్పటికీ గుర్తుంది.

వంకర తీయడానికి మూడు రోజులు పట్టింది. హైడ్రాలిక్ జాకీతో కొంచెం బిగించి ఉంచి, వంగిన చోట త్రికోణం ఆకారంలో మంట పట్టాలి. ఇనుము మసక ఎరుపుకి రాగానే ఆపేయాలి. ఆ తర్వాత చల్లారేదాకా కూర్చోవాలి. జాకీ బలంతో లాగేస్తే పని త్వరగా అవుతుంది గానీ పగులు పెరుగుతుంది. నీళ్లు కొడితే ఇనుము పెళుసుబారుతుంది. చల్లారుతున్నప్పుడే ఇనుము కుంచించుకుని తనంతట తాను దారికొస్తుంది. ఒక్కో మంటకి మూడు, నాలుగు మిల్లీమీటర్లు. చివరికి తేడా 2 దగ్గర ఆగింది.

పగులుని మొదలంటా చెక్కి, ఓవెన్‌లో ఆరబెట్టిన లో-హైడ్రోజన్ వెల్డింగ్ రాడ్లతో నింపాం. బ్యాటరీ కనెక్షన్లు ముందే తీసేశాం. వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే ఎర్త్ క్లాంపు ఎప్పుడూ వెల్డింగ్ పక్కనే ఉండాలని మేస్త్రిగారి పట్టు. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. అది నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఏ ట్రైనింగులోనూ కాదు.

ముక్కు రేకు మేమే వంచుకున్నాం. ఈ డిజైన్ ఇచ్చిన అమెరికా కంపెనీ ఆల్కో 1969లోనే మూతపడింది. వారణాసిలో 1964 నుంచీ ఇవి తయారైనా, ఇంత పాతబండికి సరిపోయే రేకు రెడీమేడ్‌గా ఎక్కడ దొరుకుతుంది? పక్క బండి ముక్కు మీద అట్టముక్క పెట్టి గీసుకుని, కోసి, రోలర్‌లో తిప్పాం. రేకు పని నాలుగు రోజుల్లో తేలిపోయింది.

ఈలోగా పక్క సెక్షన్లవాళ్లు యాక్సిళ్ల లోపల పగుళ్లున్నాయేమోనని అల్ట్రాసోనిక్ పరీక్ష చేశారు, ఇంజను క్రాంక్‌షాఫ్ట్ వంగిందేమోనని దాని డిఫ్లెక్షన్ డయల్ గేజ్‌తో చూశారు. గుద్దిన ఊపు ముక్కు దగ్గరే ఆగిపోయిందని నమ్మడానికి లేదు కదా.

బాడీని బోగీల మీదికి దించాక, మట్టమైన లైన్ మీద బఫర్ల ఎత్తు కొలవడం నాకే అప్పజెప్పారు. పట్టా నుంచి 1030కీ 1105కీ మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. కుడి 1085. ఎడమవైపు వంగి టేపు పట్టుకుంటే చెయ్యి వణికింది. 1082.

మేస్త్రిగారు టేపు తీసుకుని తానూ ఒకసారి కొలిచి, రిజిస్టరు నా ముందుకు జరిపారు.