లారీకి కరెంటు ఫ్యాన్ ఎందుకు పెట్టించలేదంటే

గత మే నెలలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే నా లారీ టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది. బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూశాను. అంత వేడిమీద గట్టిగా పట్టి ఉండవలసినది బొంగరంలా తిరిగింది. ఇంజిన్‌కూ ఫ్యాన్‌కూ మధ్య ఉండి, వేడెక్కినప్పుడు రెండింటినీ కలిపి తిప్పే ఫ్యాన్ క్లచ్‌లోని సిలికాన్ ఆయిల్ కారిపోయిందన్నమాట.

ఇంజినే తిప్పే ఈ ఫ్యాన్‌ను తీసేసి కార్లకున్నట్టు కరెంటు ఫ్యాన్ పెట్టించమని చాలామంది చెప్పారు. డీజిల్ మిగులుతుందన్నారు. కారు విషయంలో అది నిజమే. కానీ బరువుతో ఘాట్ ఎక్కే లారీలో ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేస్తుంది, బండి మాత్రం నడిచినంత మెల్లగా కదులుతుంది, ఎదురుగాలి రాదు. అప్పుడు రేడియేటర్‌కు దిక్కు ఫ్యానొక్కటే. ఆ ఫ్యాన్‌కు 10 హార్స్‌పవర్ చాలనుకున్నా అది 7.5 కిలోవాట్లు, 24 వోల్టుల దగ్గర 310 ఆంపియర్ల పైమాటే. నా ఆల్టర్నేటర్ అందులో మూడో వంతు కూడా ఇవ్వలేదు.

అయినా మంచి క్లచ్ ఉంటే ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్ అవసరం లేనప్పుడు ఇంజిన్ శక్తిని పెద్దగా తినదు. క్లచ్ ముందున్న బైమెటల్ పట్టీకి (వేడికి వంగే రెండు లోహాల రేకుకి) రేడియేటర్ నుంచి వేడిగాలి తగిలినప్పుడే లోపలి దారి తెరుచుకుని, ఆయిల్ చేరి, రెక్కలు జోరందుకుంటాయి. ఆ హోరు వింటే నాకు ధైర్యం!

విజయవాడ ఆటోనగర్‌లో కొత్త క్లచ్ వేయించాను. ఫ్యాన్ చుట్టూ ఉండే పగిలిన ష్రౌడ్‌ను కూడా మార్పించాను. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి కాక పక్కల నుంచి గాలి లాగుతుంది.