మ్మ, మమ, అమ్మ: పసినోట ఆ పిలుపు ఎలా కుదురుతుంది

ఆరో నెలలోనో ఏడో నెలలోనో పాప "అమ్మ" అనేసిందని చాలా ఇళ్లలో సంబరపడతారు. విన్నమాట నిజమే. పాప నోట ఆ శబ్దం వచ్చే ఉంటుంది. అయితే ఆ శబ్దం తల్లిని పిలిచే మాటగా మారడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది, అందులో ఇంట్లోవాళ్ల పని చాలా ఉంది. ఈ రెండో సంగతే ఎవరూ పెద్దగా చెప్పరు.

ముందు నోటి సంగతి. "మ" పలకడానికి పెదవులు రెండూ మూస్తే చాలు. గొంతు మోగుతుంది, అంగిలి వెనకుండే మెత్తటి భాగం కిందికి వాలి ఉంటుంది, గాలి ముక్కులోంచి పోతుంది. నాలుకకు పనే లేదు. ఆ మూసిన పెదవులు విడివడితే "అ" వస్తుంది. "బ"కి కూడా పెదవులే మూయాలి కానీ, ఆ మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కుదారిని గట్టిగా మూసేయాలి. తేడా తెలుసుకోవాలంటే ముక్కు రెండు వేళ్లతో నొక్కిపెట్టి "అమ్మ" అని చూడండి, "అబ్బ"కు దగ్గరగా వినిపిస్తుంది. పుట్టిన కొత్తలో గొంతుపెట్టె బాగా పైన, అంగిలికి దగ్గరగా ఉంటుంది, బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. అందుకే మొదటి నెలల "ఉంగా ఉంగా" అంతా ముక్కులో పలికినట్టే ఉంటుంది.

ఇంకోటి, పాలు తాగుతున్న నోరు నిండి ఉంటుంది. ఆ సమయంలో గొంతు కదిపితే శబ్దం బయటికి రావడానికి ముక్కొక్కటే దారి, కాబట్టి "మ్మ్" అన్న మూలుగే వస్తుంది. భాషా శాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో సరిగ్గా ఈ మూలుగునే పట్టుకున్నాడు. మొదట తాగేటప్పుడు వచ్చే శబ్దం, తర్వాత పాలు కనబడగానే వస్తుంది, ఆ తర్వాత ఏది కావాలన్నా, ఎవరు రావాలన్నా అదే వస్తుంది అంటాడు. ఆకలేసినప్పుడూ ఎత్తుకోమన్నప్పుడూ వచ్చే ఆ "మ్మ్"కి పరుగెత్తుకొచ్చేది ఎక్కువసార్లు తల్లే కనక, ఆ శబ్దం ఆమెకు అంటుకుంటుంది. నాకు ఇందులో నచ్చేది ఒకటే: బిడ్డ ముందు అడుగుతుంది, పేరు తర్వాత పుడుతుంది.

జార్జ్ పీటర్ మర్డాక్ అనే మానవ శాస్త్రవేత్త ప్రపంచ భాషల నుంచి తల్లిదండ్రుల్ని పిలిచే మాటలు 1,072 పోగుచేశాడు. తల్లి మాటల్లో మ, న, ఙ లాంటి ముక్కు హల్లులున్నవి 55 శాతం, తండ్రి మాటల్లో 15 శాతమే. బాస్క్‌లో అమ, హీబ్రూలో ఇమ, చైనీస్‌లో మామ, స్వాహిలీలో మామ, టర్కిష్‌లో అన్నె. ఇవన్నీ ఒకే తల్లి భాష నుంచి రాలేదు, ఒకదాన్నొకటి అరువూ తెచ్చుకోలేదు. పసినోళ్లు ఎక్కడైనా ఒకటే కావడం వల్ల వచ్చిన పోలిక ఇది.

కానీ మిగిలిన 45 శాతాన్ని మరిచిపోకూడదు. జార్జియన్ భాషలో "మామ" అంటే తండ్రి, "దెద" అంటే తల్లి. తుళులో తల్లి "అప్పె", తండ్రి "అమ్మె". ఆస్ట్రేలియాలోని పిత్జన్‌జత్జర భాషలో కూడా "మామ" తండ్రే. ఫిన్నిష్ వాళ్లు తల్లిని అనే "ఐతి" పాత జర్మానిక్ భాషల నుంచి తెచ్చుకున్న మాట. అంతెందుకు, మన "నాన్న"లో ఉన్నవి రెండూ ముక్కు హల్లులే, ఆ 15 శాతం వైపు చేరే మాట. అంటే శబ్దాన్ని నోరు ఇస్తుంది, అది ఎవరిదో ఇల్లు తేలుస్తుంది. జార్జియాలో బిడ్డ "మమమ" అంటే తండ్రి మురిసిపోతాడు, మన దగ్గర తల్లి మురుస్తుంది. పాప చేసింది మాత్రం ఒకే పని.

ఇక నెలల లెక్క. ఆరు నుంచి పది నెలల మధ్య "మమమమ", "బబబ", "దదద" అని ఒకే అక్షరాన్ని వరసగా దొర్లించడం మొదలవుతుంది. దవడ పైకీ కిందికీ ఆడుతుంటే గొంతు మోగడం, అంతే. దాంట్లో అర్థం వెతకక్కర్లేదు. మాట అనదగ్గది ఏడాది అటూఇటూగా వస్తుంది. అయితే అర్థం చేసుకోవడం చాలా ముందే మొదలవుతుంది. 1999లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఆరు నెలల పిల్లలకు తల్లి వీడియో, తండ్రి వీడియో పక్కపక్కన చూపించి, తల్లిని పిలిచే మాట వినిపిస్తే తల్లి బొమ్మ వైపు ఎక్కువసేపు చూశారు. ముక్కూమొహం తెలియని ఆడమనిషి, మగమనిషి బొమ్మలు పెట్టి అదే మాట వినిపిస్తే ఆ తేడా రాలేదు. ఆ వయసులోనే అది "ఆడమనిషి" అన్న అర్థంలో కాక, తమ తల్లి ఒక్కతికే చెందిన పేరుగా ఉందన్నమాట.

మీ బిడ్డ అన్నది మాటా, ఉత్త శబ్దమా? మూడు చూడండి. దాదాపు ఒకే శబ్దం ప్రతిసారీ రావాలి, అది "మ్మ" అయినా "మమ" అయినా సరే. తల్లి విషయంలోనే రావాలి. ఎవరూ ముందు అనకుండా, వేరువేరు సందర్భాల్లో రావాలి. ఆకలేసినప్పుడు మాత్రమే "మమ్మ" అంటుంటే అది తిండి అడగడం కావచ్చు. పసివాళ్ల భాషలో అన్నాన్ని "మమ్ము", "మమ్మం" అంటాం కదా, రెండూ ఒకే శబ్దం నుంచి చీలిన కొమ్మలు. కాబట్టి కడుపు నిండి ఆడుకుంటున్నప్పుడు, తల్లి గుమ్మంలోంచి లోపలికి వస్తుండగా ఏమంటుందో గమనించండి. లేదా తల్లి పక్కగదిలో ఉన్నప్పుడు ఇంకొకరు మామూలు గొంతుతో "అమ్మ ఏది?" అనాలి, చేయి చూపించకూడదు, ఆ గది వైపు చూడకూడదు. పెద్దవాళ్ల చూపు వెంట పిల్లల చూపు పోతుంది, అప్పుడు పరీక్ష చెడుతుంది.

"అమ్మ"లో ఒత్తక్షరం పిల్లలకు కష్టమనుకుంటారు, నిజానికి అదే ఆసరా. ఆ "మ్మ" మీద పెదవులు ఎక్కువసేపు మూసి ఉంటాయి, చూడ్డానికీ వినడానికీ బాగా తెలుస్తుంది. పోయేది మొదటి "అ". అందుకే "మ్మా" అని వస్తుంది. పిలిచేటప్పుడు చివర సాగదీసి "అమ్మా" అంటాం కనక, బిడ్డ చెవిన గట్టిగా పడేది కూడా ఆ చివరి ముక్కే. దిద్దకండి. మీరు మాత్రం నిండుగా "అమ్మ" అనండి, చాలు.

నేర్పడంలో పనికొచ్చేది ఒక్కటి చెప్పమంటే ఇది చెబుతాను: తల్లి తన గురించి కొన్నాళ్లు "నేను" బదులు "అమ్మ" అనడం. "అమ్మ వస్తోంది", "అమ్మ చేయి పట్టుకో". "నేను" అన్నది ఎవరు మాట్లాడితే వాళ్లదైపోతుంది, పసిబుర్రకు అది నిలకడ లేని మాట. "అమ్మ" ఎవరు అన్నా ఒకరినే చూపిస్తుంది. ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా, బిడ్డ తనంతట తాను చూస్తున్నప్పుడు అనాలి. "అమ్మ అను, అమ్మ అను" అని వెంటపడితే అలవాటయ్యేది "అను" కూడా. బిడ్డ "మ్మ" అనగానే వెంటనే పలకాలి, క్షణం రెండు క్షణాలకు మించి ఆలస్యమైతే తన శబ్దానికీ మీ రాకకీ ఉన్న ముడి బిడ్డకు అందదు.

మాట వచ్చాక కొన్నాళ్లు పిన్నినీ, పక్కింటావిడనీ, ఒక్కోసారి నాన్ననీ కూడా "అమ్మ" అంటారు. రెండున్నరేళ్ల లోపు ఇది మామూలే. చేతిలో ఉన్న మాటలు తక్కువ, అవసరాలు ఎక్కువ. "అమ్మ ఏది?" అంటే ఆ బిడ్డే తప్పకుండా అసలు తల్లి వైపు తిరుగుతుంది. "కాదు" అని కసరకుండా "పిన్ని వచ్చింది" అని సరైన మాట అందిస్తే చాలు.

తల్లిని పేరు పెట్టి పిలిచే పిల్లల గురించి ఇళ్లలో అనవసరంగా బాధపడతారు. ఇంట్లో నలుగురూ ఆమెను పేరుతో పిలుస్తుంటే బిడ్డ వినేది అదే, అనేది అదే. ప్రేమకీ మర్యాదకీ దీంతో సంబంధం లేదు. బిడ్డ వినేచోట అందరూ "అమ్మను అడుగు", "అమ్మకు ఇవ్వు" అనడం మొదలుపెడితే పేరు దానంతట అదే వెనక్కి పోతుంది. ఒక్కరు మారితే సరిపోదు, అందరూ మారాలి. అమ్మమ్మో నానమ్మో చేతుల మీద పెరిగే బిడ్డ ఆమెనే "అమ్మ" అనడం కూడా ఇలాగే. అక్కడ ఇద్దరికీ వేరు మాటలు ముందే ఖాయం చేసుకోవడం మంచిది. "మామా", "మామీ" లాంటి జంట పసినోట ఒకటే అయిపోతుంది, అందుకే మొదటి హల్లే వేరుగా ఉన్న మాటలు ఎంచుకోండి. సవతి తల్లి, పెంచిన తల్లి విషయంలో బిడ్డకు కాస్త వయసుంటే మాట ఎంపిక బిడ్డకే వదలాలని నా గట్టి అభిప్రాయం. బలవంతాన పలికించిన "అమ్మ"ను పిల్లలు మనిషి ఎదుట మాత్రమే వాడతారు.

డాక్టరుకు చూపించాల్సినవి కొన్ని. జలుబు లేకపోయినా "అమ్మ" ఎప్పుడూ "అబ్బ"లాగే వస్తుంటే ముక్కుదారి మూసుకుపోయి ఉండొచ్చు, ముక్కు వెనక గ్రంథులు వాచాయేమో చూడాలి. దానికి తిరగేసి, "బాబు" కూడా "మాము"లా వినబడితే గాలి ముక్కులోకి కారుతోందని, అంగిలిలో చీలిక ఉందేమో పరీక్షించాలి. పది నెలలు నిండినా "మమమ", "బబబ" ఏదీ మొదలవకపోతే వినికిడి పరీక్ష ఆలస్యం చేయకండి. చెవులు వినిపించని పిల్లలు కూడా మొదట్లో "ఉంగా" అంటారు, నవ్వుతారు, అందుకే ఇంట్లో అనుమానం రాదు. ఈ వరస శబ్దాలు మాత్రం వాళ్లలో పదకొండో నెలకో, ఇంకా తర్వాతో గానీ రావు.

సైగ భాష ఇళ్లలో పెరిగే పిల్లలకు ఇదంతా చేతుల్లో జరుగుతుంది. అమెరికన్ సైగ భాషలో ఐదు వేళ్లూ చాచి బొటనవేలు గడ్డానికి తాకిస్తే తల్లి, అదే చేయి నుదుటికి తాకిస్తే తండ్రి. వేళ్లు చాచిన చేయి పిల్లలకు తొందరగా పట్టుబడే ఆకారాల్లో ఒకటి. సైగ మొత్తం మాత్రం మొదట్లో అచ్చంగా కుదరదు. మ్మాలో పోయిన "అ" లాంటిదే అదీ, దాన్నీ దిద్దక్కర్లేదు.